శిరీష మొదటి ఆప్షన్

శిరీష వాళ్ల మేడమీద నేను ఆరేళ్లుగా కిరాయికి ఉంటున్నాను. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని, నోరు ఊరుకోని మనిషిని. అయినా మాట్లాడాల్సిన ఒక్క రోజు మాత్రం నోరు మూసుకున్నాను. ఆ సంగతీ చెబుతాను.

శిరీష శంషాబాద్‌లో హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. భర్త పాండు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. అత్త చంద్రమ్మ ఇంటిని నడుపుతుంది, వీలైతే మా సందంతా నడుపుతుంది, వంటిల్లు మాత్రం కోడలికే వదిలేసింది. డ్యూటీ నుంచి వచ్చిన శిరీష చెప్పులు విప్పకముందే బీపీ, షుగరు చూపించుకోవడానికి నలుగురైదుగురు గుమ్మంలో కూర్చుని ఉంటారు. ఆమె విసుక్కోగా నేను చూడలేదు. నేనైతే రెండో రోజే తలుపు వేసుకునేదాన్ని.

ఈ ఏడు ఎమ్మెస్సీ నర్సింగ్ ప్రవేశ పరీక్షలో ఆమెకు మంచి ర్యాంకు వచ్చింది. ఆన్‌లైన్‌లో మొదటి ఆప్షన్‌గా ఏ కోర్సు పెడితే ఆ సీటు దాదాపు ఖాయం. శనివారం సాయంత్రం ఐదింటికి గడువు. ఆసుపత్రి వార్డుల చదువైన మెడికల్ సర్జికల్ పెట్టమని, చదివొస్తే ఐసీయూ ఇన్‌ఛార్జిని చేస్తామని ఆసుపత్రిలో పెద్ద సిస్టర్ చెప్పింది. శిరీష మనసు మాత్రం కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ మీద ఉంది. ఇల్లిల్లూ తిరిగి, జబ్బు ముదరకముందే పట్టుకునే చదువు అది. పక్క సందు శంకరయ్య గోదాములో మూటలు మోసేవాడు. షుగరు పుండును రెండు నెలలు బూటులో దాచుకుని పనికి వెళ్లాడు. శిరీష పనిచేసే వార్డుకు అతను వచ్చేసరికి మోకాలి దాకా కాలు తీసేయాల్సి వచ్చింది.

“ఎవరన్న ఒక్కసారి ఇంటికి పోయి జూసుంటే ఆ కాలు దక్కుతుండె టీచరమ్మా” అంది నాతో ఒకసారి.

చంద్రమ్మకు ఆగలేదు. తన కోడలు కమ్యూనిటీ నర్సు కాబోతోందని పాల దుకాణం దగ్గర గొప్పగా చెప్పేసింది. అదే వారం శిరీష సీటుకు కావాల్సిన కమ్యూనిటీ సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిరుగుతోంది. మా దగ్గర కమ్యూనిటీ అంటే కులం, ఇంకో అర్థం లేదు. ఇదేదో సొంత కులంవాళ్లకే సూదులు వేసే కొత్త చదువనుకుని ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. నేనక్కడే ఉన్నాను. అర్థం తెలిసీ చెప్పలేదు. తమాషాగా ఉందని నవ్వుకుంటూ పాల ప్యాకెట్ తెచ్చుకున్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మా సందులో శిరీష కులంవాళ్లు ఇంకెవరూ లేరు, మర్నాటి నుంచి గుమ్మం ఖాళీ. ఎందుకో ఎవరూ చెప్పరు. సొంత సందులోనే తలుపులు మూసుకుంటే ఊళ్లో ఎవరు తీస్తారని శిరీష మనసు విరిగింది. శుక్రవారం మెడికల్ సర్జికల్‌నే మొదట పెట్టి, ఇక మార్చేది లేదంది.

శనివారం మధ్యాహ్నం శిరీషకు మూడిళ్ల అవతలి జాహెదా గుర్తొచ్చింది. వారానికి రెండుసార్లు షుగరు చూపించుకునే ముసలావిడ, పది రోజులుగా రాలేదు. నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. జాహెదా మంచం మీద సోలిపోయి ఉంది. షుగరు నాలుగు వందల ముప్పై.

“ఎందుకు రాలే చాచీ?”

“నీది మీ కమ్యూనిటీ సదువంట గదా బేటీ. మేమొస్తే నీకు మాట వస్తదని ఆగినం.”

శిరీష వెంటనే పాండుకు ఫోన్ చేసింది. అతని క్యాబ్‌లోనే దవాఖానకు తీసుకెళ్లాం. నాలుగున్నరకు జాహెదా తేరుకుని చాయ్ అడిగింది, డాక్టరు వద్దన్నాడు. వరండాలో నేను పాల దుకాణం సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఇగ నాకు వేరే సదువెందుకు టీచరమ్మా” అని ఫోన్ తీసింది. ఓటీపీ నా చేత చదివించింది. గడువుకు పన్నెండు నిమిషాల ముందు కమ్యూనిటీ హెల్త్ మొదటి ఆప్షనైంది.

ఆ సాయంత్రం నేనూ చంద్రమ్మా ఇల్లిల్లూ తిరిగి ఆ మాటకు అర్థం చెప్పుకొచ్చాం. ఒక్క గడపా వదల్లేదు. సోమవారానికి గుమ్మం నిండింది.

పది రోజులకు సీటు వచ్చింది, యూనివర్సిటీ కాలేజీలోనే, కోరుకున్న కోర్సులోనే. సందంతా వాళ్ల ఇంట్లోనే ఉంది. జాహెదా కూడా నడిచొచ్చింది. అందరికీ చాయ్ పెట్టడానికి శిరీష లేవబోతే చంద్రమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది.

“రెండేండ్లు వంటింట్లకు రాకు బిడ్డా. ఇల్లు నేను జూస్కుంట, నువ్వు సదువుకో.”

పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆ అత్త నోట ఆ మాట రావడం అదే మొదలు. వార్డులో ఎన్నో చూసి కన్నీరు పెట్టని శిరీష అప్పుడు అందరి ముందూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.