టీషర్టు మీద మా పేట పేరు

మా అమ్మాయి ఈ రోజు బాంద్రాలో కొన్న టీషర్టు వేసుకుని ఇంటికొచ్చింది. ఛాతీ మీద ఇంతేసి అక్షరాలతో ‘కామాటిపుర’. ముంబైలో మేముండే ఈ పేట అంటే అందరికీ రెడ్‌లైట్ ఏరియానే. ఆ పేరు వింటే జనం అదోలా చూస్తారని మా ఇంట్లో ఎవరమూ బయట చెప్పం.

అమ్మ మండిపడింది. “సంబంధాలు చూసేటప్పుడు గూడ పక్కనున్న గ్రాంట్ రోడ్ పేరే చెప్పినం. నువ్వు మీదేస్కొని తిరుగుతవా?”

“ఇప్పుడిదే ఫ్యాషన్ నానమ్మా. కాలేజీల నా దోస్తులందరు కొన్నరు.”

“ఆళ్లు ఇంటికి పోయి అంగీ ఇడుస్తరు, అయిపోతది. నువ్వు ఇడిసినా ఈడనే ఉంటవ్.”

పిల్ల దాన్ని ఉతికి, ఇళ్ల ముందు అందరూ నడిచే గ్యాలరీలో ఆరేసింది. అమ్మ వెళ్లి అక్షరాలు కనపడకుండా తిరగేసింది. పిల్ల మళ్లీ సరిచేసింది. సాయంత్రం నుంచి ఇదే వరస, నాకు కుదురు లేదు. కామాటిపురలోనే ఆ పేరు ఎవరి కంట పడకూడదని అమ్మ భయం?

ఇందాక మెట్ల మీద ఎవరో వస్తున్న చప్పుడైంది. నేనే వెళ్లి తిరగేసి వచ్చాను. మీరైతే వదిలేసేవారా?