తారురోడ్డు కళ్ళం

మొన్న పుష్యంలో కుప్పం నుంచి పుంగనూరుకు బస్సులో వస్తుంటే కిటికీలోంచి ఒక వాసన గుప్పుమంది. ఎండకు కాగిన తారు మీద ఉలవ తీగలు టైర్ల కింద నలిగినప్పుడు వచ్చే కమ్మని, కాస్త ఘాటైన వాసన. ఎవరికైనా ఆ వాసనకు ఆకలి వేస్తుంది, నాకు సిగ్గు వేస్తుంది.

మా ఊరు మదనపల్లె, పుంగనూరు మధ్య రోడ్డు పక్కనే. మా చిన్నప్పుడు ఉలవలు పీకే కాలం వస్తే ఊరంతటికీ తారురోడ్డే కళ్ళం. ఎద్దుల్ని తిప్పే పని లేదు, గుండు లాగే పని లేదు. ఎండిన తీగల్ని రోడ్డుకు అడ్డంగా మోకాలెత్తు పరిచి, పక్కనుంచి తప్పించుకుపోకుండా అంచుల్లో రాళ్ళు పెడితే, వచ్చే పోయే బండ్లే తొక్కి గింజ రాల్చేవి. కారొస్తే మాకు ఏడుపు, లారీ వస్తే పండగ. పిల్లలం చలికి చేతులు చంకల్లో పెట్టుకుని గట్టున కూర్చుని, వచ్చే లోడు లారీ నాదంటే నాదని కొట్లాడుకుంటూ, అది దాటగానే పరుగెత్తి తీగల్ని తిరగేసేవాళ్ళం. సాయంత్రానికి అవ్వ చేటతో తూర్పార పట్టేది. జుట్టునిండా పొట్టు, గొంతులో గరగర, రాగిసంగటిలోకి వేడివేడి ఉలవచారు.

మదనపల్లె నుంచి టమోటాలు తోలే డ్రైవర్ మస్తాన్ మాకు చుట్టంతో సమానం. మా తీగలు కనబడితే చాలు, లారీని ముందుకూ వెనక్కూ రెండు మాట్లు నడిపి, కిటికీలోంచి చెయ్యి చాపేవాడు.

"అవ్వా, కూలి పెట్టు!"

"నీకు పెట్టాల్నా, నీ లారీకి పెట్టాల్నా?" అంటూ అవ్వ దోసెడు గుగ్గిళ్ళు ఆ చేతిలో పోసేది.

మా నాయనది మహా తెలివి. మలుపు దగ్గర బండ్లు నిదానిస్తాయి, చక్రం బాగా నలుపుతుందని ఒక ఏడు తీగల్ని సరిగ్గా మలుపులోనే పరిచాడు. "ఆడ వద్దురా, బండోళ్ళకు కనబడదు" అంది అవ్వ. "నీకేం తెల్సు, గమ్మునుండు" అన్నాడు. మర్నాడు పొద్దున మంచులో మస్తాన్ లారీ మలుపు తిరిగింది. తీగల మీద బ్రేకు వేయడమంటే నూనె మీద కాలు పెట్టడమే. బండి అడ్డంగా జారి, మా కళ్ళెదుటే పల్లంలోకి బోల్తా పడింది. చేనంతా టమోటాలు దొర్లాయి. క్యాబిన్లోంచి లాగుతుంటే మస్తాన్ నోట "యా అల్లా" తప్ప మాట లేదు. తలకు దెబ్బ, తుంటి విరిగింది.

ఆయన్ను ఆటోలో ఆసుపత్రికి పంపించి మావాళ్ళు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? చీపుర్లు తేవడం! నాయనా, నలుగురు పెద్దలూ కలిసి రోడ్డు ఊడ్చి, రాళ్ళు తీసి, తీగలన్నీ మా గడ్డివాము వెనక కుక్కారు. పోలీసులొచ్చేసరికి రోడ్డు పెళ్ళివారి వాకిలిలా ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాళ్ళు అడక్కముందే నాయన అందుకున్నాడు. "నిద్రబోయినాడు సార్. కన్ను మూతబడింది, నేను సూస్తానే ఉండాను." అవ్వ నోరు తెరవబోతే "నువ్వు లోపలికి పో" అని గదిమాడు. ఆ తీగల ఉలవలే తర్వాత ఇంట్లో ఉడికాయి. అవ్వ ముట్టలేదు. మేం తిన్నాం, ఛీ!

ఇప్పుడు అవ్వా లేదు, నాయనా లేడు. మలుపు తీసేసి రోడ్డు వెడల్పు చేశారు. ఏ లారీ ఆగదు, ఎవరూ ఎవరినీ పలకరించరు. మొన్న ఆ వాసన తగిలిన రోజు పుంగనూరులో బస్సు దిగితే, స్టాండు పక్కన పంక్చర్ అంగట్లో మస్తాన్ మామ కనబడ్డాడు, నెరిసిన గడ్డంతో, ఒక కాలు ఈడుస్తూ. నేనెవరో చెబితే పొంగిపోయి, స్టూలు తుడిచి వేశాడు.

"మళ్ళీ బండెక్కలేదా మామా?" అన్నాను.

"కాలు కుదురుకున్నాక ఓనరు ఎన్నిసార్లో పిల్సినాడమ్మా. నేనే పోలా. స్టీరింగు కాడ నిద్రబోయేవానికి బండి యాల? తలకు దెబ్బ తగిలి ఆ పొద్దు సంగతి నాకేం గ్యాపకం లేదు గానీ, మీ నాయన కండ్లారా సూసినాడంట గదా. ఆయనెందుకు అబద్దం సెప్తాడు?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"నువ్వు నిద్రపోలేదు మామా. తీగలు మావి. మలుపులో పరిచింది మా నాయనే. నువ్వు బ్రేకు వేసినావు, నేను చూసినాను."

ఆయన చేతిలోని ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచాడు. నా వైపు చూడకుండా, కోపం లేకుండా అన్నాడు.

"బండి తోలే వయసుండగా సెప్పుంటే బాగుండు గదమ్మా."