టీవీ మీద కప్పిన యుద్ధం

నా చిన్నప్పుడు రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా వరసలో ఏ ఇంటికి వెళ్ళినా టీవీ మీద ఒకే గుడ్డ కప్పి ఉండేది. కార్గిల్ యుద్ధం గెలిచిన జ్ఞాపకంగా ఊరి పక్కన ఉర్లా పారిశ్రామికవాడలో ఏదో ఫ్యాక్టరీవాళ్ళు అచ్చు వేయించి, జెండా పండగనాడు ఇంటికొకటి పంచారు. మెరిసే పాలిస్టర్ గుడ్డ. తెల్లటి మంచుకొండ, దాని మీద తుపాకులు పైకెత్తిన ముగ్గురు సైనికులు, కింద హిందీలో పెద్ద పెద్ద అక్షరాలు. రంగు పోతుందని మా అమ్మ దాన్ని ఉతికేది కాదు. టీవీ పెట్టినప్పుడు మడిచి పక్కన పెట్టడం, ఆపగానే మళ్ళీ కప్పడం నా పని. ఆ పనంటే నాకు మహా గొప్పగా ఉండేది.

పక్కింటి అక్కకు మాత్రం ఆ గుడ్డ ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ భర్త సిపాయి, ఆ కొండల్లోనే చనిపోయాడు. అక్క, రైల్వేలో పనిచేసే అత్తగారితో ఆ ఇంట్లోనే ఉండిపోయింది. గుడ్డలు పంచినవాళ్ళు ఆ గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఏమనాలో తెలియక దాటి వెళ్ళిపోయారట. కాలనీ అంతా అలాగే ఉండేది. ఆవిడ ఎదురైతే తలలు దించుకునేవారు, అదే గౌరవం అనుకునేవారు. మాదీ వాళ్ళదీ విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. ఒకప్పుడు ఆ ఇంట్లో ఫ్యూజు పోయినా, సిలిండరు మార్చాలన్నా అక్క 'అన్నియ్యా' అంటూ మా నాన్ననే పిలిచేది. అలాంటిది, ఆవిడ వీధి కుళాయి దగ్గర కనిపిస్తే చాలు, నాన్న స్టేషన్‌కి వెనక దారిన వెళ్ళడం మొదలుపెట్టారు. ఎందుకని మేమెవరం అడగలేదు.

పిల్లలం ఆ గుడ్డలు మెడకు కట్టుకుని యుద్ధం ఆడేవాళ్ళం. శత్రువుగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోరు కాబట్టి శత్రువు ఎప్పుడూ వేపచెట్టే. మా అందరికీ ఇష్టమైన ఘట్టం చివరిది. ఒకరు పడిపోవాలి, వాళ్ళ మీద గుడ్డ కప్పాలి, మిగతావాళ్ళు వరసగా నిలబడి సెల్యూట్ కొట్టాలి. చచ్చిపోయే వంతు కోసం నిజంగానే కొట్టుకునేవాళ్ళం.

ఒక ఆదివారం సాయంత్రం చివరింటి పిల్లాడు గుడ్డ కింద పడుకుని ఉన్నాడు. సెల్యూట్ కొడుతూ తల తిప్పి చూస్తే అక్క నిలబడి ఉంది, చేతిలో నీళ్ళ బకెట్. నా చెయ్యి నుదుటి దగ్గరే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ బకెట్ దింపి, చెట్టు గట్టు మీద కూర్చుని నింపాదిగా అడిగింది.

"ఆట ఇంకా అవ్వలేదు కదా. ఇప్పుడు ఈడి అమ్మకి ఎవులు సెప్తారు?"

అందరిలో పెద్దదాన్ని నేనే కాబట్టి నన్ను వెళ్ళమంది. ఆటే కదా అని బయల్దేరాను. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి, ఏటమ్మా అని నవ్వింది. పిల్లాడు బతికే ఉన్నాడని, ఇదంతా ఉత్తదేనని నాకు తెలుసు. అయినా నవ్వుతున్న ఆ మొహంలోకి చూస్తూ ఆ మాట అనలేకపోయాను. మంచినీళ్ళు కావాలన్నాను. తాగి, వెనక్కి పరుగెత్తుకొచ్చాను.

జరిగింది చెబితే అక్క నన్ను దగ్గరికి లాక్కుంది. తన భర్త పోయిన కబురు తెచ్చిన రోజు మా నాన్న కూడా నీళ్ళే అడిగారని చెప్పింది. వాళ్ళింట్లో ఫోన్ లేదు. కబురు మా ఇంటి ఫోన్‌కే వచ్చిందని, అది మోసుకెళ్ళింది నాన్నేనని నాకప్పుడే తెలిసింది. నీళ్ళు తాగి, మళ్ళీ అడిగి తాగి, ఆఖరికి ఎలాగో చెప్పారట.

"సెప్పినందుకు నాకు కోపం లేదమ్మా. మళ్ళీ రాలేదు సూడు, అదీ నా బాధ. అన్నియ్యని ఓపాలి రమ్మను."

ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న చాలాసేపు పేపరు మొహం మీంచి దించలేదు. తర్వాత లేచి చొక్కా తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని పక్కింటికి బయల్దేరారు. అక్క కుర్చీ వేసింది. పోయిన మనిషి గురించి ఇద్దరూ ఒక్క మాట అనలేదు. వంటింటి ప్లగ్గు పనిచెయ్యడం లేదని ఆవిడ అంటే, చూస్తానని నాన్న అన్నారు. ఉన్నట్టుండి ఆవిడ ఏడుపు అందుకుంది. నాకు భయమేసి, ఇంటికి పోదామని చొక్కా లాగాను. నాన్న కదలలేదు. ఆ ఏడుపు దానంతటది ఆగేదాకా కూర్చునే ఉన్నారు.

ఇప్పుడు నా పిల్లలకు ఆ వయసొచ్చింది. గెలిచిన యుద్ధాల పేరు మీద కండువాలు, టీషర్టులు బజారులోకి వస్తూనే ఉంటాయి. వాళ్ళడిగితే కొనిపెడతాను కూడా. కానీ తెలిసినవాళ్ళింట్లో ఎవరైనా పోతే, దినాలు అయిపోయి చుట్టాలంతా రైలెక్కి వెళ్ళాక, పిల్లల్ని వెంటబెట్టుకుని మళ్ళీ ఆ గుమ్మం ఎక్కుతాను. ఏం మాట్లాడాలో నాకు ఇప్పటికీ తెలీదు. కుర్చీ వేస్తే కూర్చుంటాను. ఏడిస్తే లేవను.