విమానానికి ఆశీలు

శివరాత్రి వెళ్ళిన మూడో రోజు, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు అది జరిగింది. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ వేళ నేను పాస్టరమ్మగారి చేతి గడియారం వంక చూశాను. అప్పటికి నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఎనిమిదేళ్ళయింది. దీన్ని కాగితం మీద పెట్టాలని ఎప్పుడూ అనుకోలేదు. మొన్న మా మరిది ఏదో కాగితం తెచ్చి నా మంచం మీద పెట్టి, "వదినా, ఇక్కడో సంతకం చెయ్యి. రన్‌వేకి మళ్ళీ ఆశీలు పెడుతున్నారు" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

మా ఊరికి తూర్పున, పత్తిచేలకీ మిరపచేలకీ మధ్య, తెల్లదొరలు యుద్ధానికని పోసిన సిమెంటు దారి ఉంది. ఎక్కణ్ణుంచీ రాదు, ఎక్కడికీ పోదు. చేలో మొదలై చేలోనే ఆగిపోతుంది. మా అత్తగారు కాపురానికొచ్చిన నాటికే దాన్ని రన్‌వే అనేవారట. మిరపకాయలు ఆరబోసుకోవడానికి అంతకంటే మంచి జాగా ఈ చుట్టుపక్కల లేదు. మట్టి అంటదు, నేల చెమ్మ ఎక్కదు, కాయ రంగు నిలుస్తుంది. ఏడాదికి నాలుగైదుసార్లు చిన్న విమానాలు కూడా దిగేవి. నడపడం నేర్చుకునేవాళ్ళవి, సర్వేవాళ్ళవి, ఒకసారి ఎవరో డాక్టరుగారిది. చప్పుడు వినబడితే చాలు, కాయలు పోసిన పట్టాల కొసలు పట్టుకుని ఈడ్చుకుంటూ పక్కకి తప్పించేవాళ్ళం. అందుకు ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. దిగినాయన తలుపు తీసీ తీయగానే తుమ్మడం మొదలుపెట్టేవాడు. ఆకాశంలో తిరిగేవాడు గదా అని మిరప ఘాటు వదిలిపెట్టదు. చెంబుతో నీళ్ళిచ్చేవాళ్ళం. ముక్కు చీదుకుని, తాగి, దణ్ణం పెట్టి మళ్ళీ ఎగిరిపోయేవాడు.

ఆ ఏడు పంచాయతీవాళ్ళు రన్‌వేని వేలం వేశారు. పశువుల సంతలో ఆశీలు వసూలు చేసే కాంట్రాక్టరే దీన్నీ పాడుకున్నాడు. ఒక రేకుల షెడ్డు వేసి, ఎర్రజెండా ఒకటి, పచ్చజెండా ఒకటి పెట్టి, మా మరిదిని కాపలా ఉంచాడు. దిగే ప్రతి విమానమూ ముందుగా ఫోను చేసి డబ్బు కట్టాలి. కట్టాక పచ్చజెండా ఎత్తుతారు. జెండా ఎత్తకుండా పట్టా జరిపినవాళ్ళు మరి రన్‌వే మీద కాయ పొయ్యకూడదు. నేను ఊరుకోలేక, "మబ్బుల్లో ఉన్నవాడికి మన సంత సంగతేం తెలుసయ్యా?" అన్నాను. "సంతలో గంప దింపితే కట్టట్లేదా? ఇదీ అంతే" అన్నాడు కాంట్రాక్టరు. సంతకొచ్చేవాడు అమ్ముకోవడానికొస్తాడు, పైనుంచి దిగేవాడు ఎందుకు దిగుతాడో దిగితేగాని తెలియదు. ఈ మాట నాకు ఆ రోజు తోచలేదు. తోచినా అనేదాన్ని కాదేమో. మా కాయంతా రన్‌వే మీదే ఉంది.

ఆ గురువారం రన్‌వే మీద మా పట్టాలు తప్ప ఇంకెవరివీ లేవు. నేనూ, మా చిన్నత్తా, మరిది భార్య అయిన మా తోడికోడలూ రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నాం. పాస్టరమ్మగారు పచ్చడికి కాయలు కావాలని వచ్చి మా పక్కనే కూర్చున్నారు. మిరపకాయల దగ్గర దగ్గు ఆగదు. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. అలాంటిది నలుగురమూ ఒక్కసారే ఆగిపోయాం. అప్పుడు వినబడింది చప్పుడు. తెల్లటి విమానం. ఇంజను ఒక క్షణం ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ, దగ్గులాగే ఉంది. బాగా కిందుగా వచ్చి ఒక చుట్టు తిరిగింది. దాని నీడ ఎర్రటి కాయల మీదుగా పాకుతూ పోయింది.

మేం లేచి పట్టా కొసలు పట్టుకున్నాం. షెడ్డు ముందు మా మరిది చెవి దగ్గర ఫోను పెట్టుకుని తిరుగుతున్నాడు. కాంట్రాక్టరు ఫోను ఎత్తడం లేదు. రెండో చుట్టు.

"లాగుదామా అక్కా?" అంది తోడికోడలు.

"జెండా ఎత్తనీ" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదా పెట్టను.

మూడో చుట్టులో కిటికీ దగ్గర ఒక చెయ్యి కనబడింది. ఊపలేదు. అద్దానికి ఆనించి ఉంది, అంతే. విమానం పత్తిచేల మీదుగా సముద్రం వైపు తిరిగింది. చప్పుడు దూరంగా పోయి తగ్గలేదు. తెగిపోయింది. అప్పుడే గడియారం చూశాను.

కూలిన మోత రాలేదు. పొగ లేవలేదు. పొద్దుగుంకేదాకా పత్తిచేలన్నీ తిరిగాం. ఒక్క మొక్క కూడా విరగలేదు. పాస్టరమ్మగారు ప్రార్థనకని చర్చికి వెళ్ళిపోయాక కాంట్రాక్టరు జీపులో వచ్చాడు. "పోలీసులను అడిగాను, ఈ పూట ఇటువైపు విమానమే ఎగరలేదంట. మీరు చూసింది చూసినట్టే రాయించాను" అని మా ముగ్గురి చేతా వేలిముద్రలు వేయించుకున్నాడు. ఆ తర్వాత ఒక్క విమానం కూడా రాలేదు. ఏడాది తిరక్కుండానే ఆయనా వదిలేసి పోయాడు.

అరవయ్యో ఏట పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దాను. కూడబలుక్కుని చదివే రోజుల్లో, మరిది ఇంట్లో సున్నం వేస్తూ పెట్టె జరిపితే, షెడ్డు ఎత్తేసినప్పుడు తెచ్చిపడేసిన కాగితాల్లో ఆ కాగితం బయటపడింది. "ఈ రోజు విమానం ఏదీ రాలేదు. మేము ఏ చప్పుడూ వినలేదు." అది మరిది దస్తూరీ. దాని కింద మూడు వేలిముద్రలు. కొడవలి తెగిన గాటు అడ్డంగా ఉన్నది నాది. మరిదిని అడిగితే తల దించుకుని, "ఉజ్జోగం పోద్దని రాశాను వదినా" అన్నాడు. నేను కాయల కోసం ఆగినదాన్ని, అతన్ని ఏమనగలను?

మా చిన్నత్త పోయే ముందు రెండు రోజులూ దుప్పటి కొస వదల్లేదు. "లాగండే, లాగండే" అంటూనే పోయింది. ఇప్పటికీ రన్‌వే మీద కాయలు పోసిన రోజుల్లో, రెండు దాటాక దగ్గులన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. పక్క ఊళ్ళ నుంచి కూలికొచ్చే ఆడపిల్లలకు ఈ సంగతి తెలియదు. అయినా చేతులు ఆపి తలలెత్తి చూస్తారు. ఎందుకు చూశారే అంటే, ఏమో పిన్నీ అంటారు.

మొన్న మరిదితో అన్నాను. "ఆశీలు కావాలంటే ముందు దిగనివ్వాలి గదయ్యా."

"మళ్ళీ విమానాలొస్తాయంట. ఈసారి దిగాకే అడుగుతారంట వదినా."

"దిగాక అడుగుతారని పైనున్నవాడికి తెలుసు. దిగనా వద్దా అని ఒక చుట్టు ఎక్కువ తిరుగుతాడు. ఆ ఒక్క చుట్టుకి ఇంజను ఆగుద్దో ఆగదో నువ్వు చెప్పగలవా?"

అతను మంచం మీది కాగితం నా వైపు జరిపాడు. తర్వాత మెల్లగా, "సంతకం పెట్టనోళ్ళని రన్‌వే మీద కాయ పొయ్యనియ్యరంట. ఎక్కడ ఆరబోస్తావు మరి?" అన్నాడు.

"మట్టి మీద."

"రంగు పోద్ది వదినా."

"పోనీ."

పెన్ను అడిగి తీసుకున్నాను. 'అభ్యంతరం లేదు' అని అచ్చువేసిన చోట కొట్టేసి, దాని కింద ఆ రోజూ, ఆ గంటా రాశాను. ఎనిమిదేళ్ళు గడిచాయని అందరూ అంటారు. ఆ సిమెంటు మీద నాకు ఇంకా రెండూ పదే. కాలం కూడా దిగడానికి చోటు దొరక్క అక్కడే చుట్టూ తిరుగుతున్నట్టుంటుంది. సంతకం పెట్టాల్సిన జాగాలో ఆ వేళ అక్కడున్న వాళ్ళందరినీ వరసగా రాశాను. మా చిన్నత్త, మా తోడికోడలు, పాస్టరమ్మగారు, మా మరిది, నేను, పైన ఇంకొకరు.