గిన్నె తిరిగినంతసేపు

అరవైల్లో, సూర్యాపేటలో మా ఇంటికి క్షవరం చేయడానికి చివ్వెంల నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. పేరెప్పుడూ అడగలేదు, మాకు తాతే.

నాలుగేళ్ల మా తమ్ముడు పిలిస్తే పలికేవాడు కాదు, కళ్లలోకి చూసేవాడు కాదు. చెవుడని అందరం తీర్మానించుకున్నాం. కానీ కత్తెర చప్పుడైతే చాలు, చెవులు మూసుకుని గుక్కపట్టి ఏడ్చేవాడు. ఇప్పుడు డాక్టర్లు దాన్ని ఆటిజం అంటున్నారు. అప్పట్లో అది చెవుడు కాదని కనిపెట్టింది తాత ఒక్కడే.

"సెవులు మంచిగనే ఉన్నయమ్మా. మనకన్న ఎక్కువనే ఇనబడ్తది పిల్లగానికి. గట్టిగ పట్టుకోకుండ్రి" అన్నాడు మా అమ్మతో.

తన ఇత్తడి గిన్నెను వాడి ముందు బొంగరంలా తిప్పి వదిలేవాడు. గిన్నె తిరిగినంతసేపు వాడు కదిలేవాడు కాదు. ఆ కాసేపట్లోనే నాలుగు కత్తిరింపులు వేసి, "ఇయ్యాల్టికి సాలు బిడ్డా" అని లేచేవాడు. మర్నాడు మళ్లీ వచ్చేవాడు. ఒక్క క్షవరానికి వారం పట్టేది. సగం తలతో తిరిగే తమ్ముణ్ణి చూసి వాడకట్టంతా నవ్వేది. నేనూ నవ్వాను.

మూడేళ్లకు తాత పోయాడు. కొత్తగా వచ్చినతనికి అంత ఓపిక లేదు.

"నలుగురు పట్టుకోండ్రి, జరసేపట్ల అయిపోతది" అన్నాడు.

పట్టుకున్నాం. కాళ్లు పట్టుకున్నది నేను.

అప్పటిదాకా ఒక్క మాటా రాని తమ్ముడు గింజుకుంటూ అరిచాడు. "ఇయ్యాల్టికి సాలు బిడ్డా. ఇయ్యాల్టికి సాలు బిడ్డా."

అచ్చం తాత గొంతే.

నేను కాళ్లు వదల్లేదు.