సారు రుచి చూడాలి

గరిటక్కది భగ్గున మండే కోపం కాదు, కుంపట్లో నిప్పులాంటిది. పైకి బూడిదే కనిపిస్తుంది, చెయ్యి పెట్టినవాడికి తెలుస్తుంది.

జైల్లో ఏళ్ల తరబడి వంట చేసింది కాబట్టి ఆ పేరు. బయటికొస్తే అయినవాళ్లు గుమ్మం తొక్కనివ్వలేదు. జైలు నుంచి వచ్చిన ఆడవాళ్లకోసం దాతలు నడిపే వసతి గృహంలో చేరి, అక్కడా పొయ్యి దగ్గరే నిలబడింది.

ఆ ఇంటికొక మేనేజరు. నోరు తెరిస్తే "అమ్మా, తల్లీ" తప్ప మాట రాదు; చేతలు చూస్తే పచ్చి దొంగ! దాతలు పంపే ఆకుకూరలు, గుడ్లు, పళ్లు వెనక గేటులోంచి బావమరిది హోటలుకు పోయేవి. ఆ హోటల్లో మెత్తబడిన బంగాళాదుంపలు, బూజు గీకిన రొట్టెలు వీళ్లకు వచ్చేవి. ఇదేమిటని అడిగితే, "జైల్లో పంచభక్ష్య పరమాన్నాలు పెట్టారా తల్లీ?" అని నవ్వేవాడు.

పెట్టలేదు. కానీ అక్కడ వండినది ముందు అధికారి రుచి చూడాలి. ఆయన మింగాకే ఖైదీలు ముద్ద ఎత్తాలి. ఆ భయానికే కుళ్లింది కుండలో పడేది కాదు. ఇక్కడ ఎవడు రుచి చూశాడు గనక!

గరిటక్క పక్క మంచం పెద్దమ్మది. షుగరు మనిషి. కాలి పుండు మానాలంటే ఆకుకూరలు, గుడ్లు తినాలని డాక్టరు చెప్పాడు. ఆవిడకి దొరికింది రొట్టె, దుంప. చివరికి పాదం తీసేశారు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు కూడా పళ్లెంలో అదే దుంప. అప్పటికే రెండో కాలికీ పుండు లేచింది. గరిటక్క ఏడవలేదు. వీడి అంతు చూడకపోతే నేను గరిట పట్టినదాన్నే కాదనుకుంది.

దాతలు చూడ్డానికి వచ్చే రోజున మేనేజరు ఎక్కడలేని తాజా కూరలూ తెప్పించాడు.

"ఈ ఒక్కపూట బాగా వండు తల్లీ!"

"అలాగే సార్."

వండింది. పక్క పొయ్యి మీద రోజూ వండే దుంప కూడా వండింది. దాతలు వచ్చి కూర్చున్నాక, ఇంట్లో ఆడవాళ్లందరికీ ఆ దుంపే వడ్డించింది. వాళ్లు పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు, ఒక్కరూ ముద్ద ఎత్తలేదు.

"ఏమ్మా, తినరేం?" అంది దాతల్లో పెద్దావిడ.

"జైలు అలవాటు అమ్మగారూ. ముందు సారు రుచి చూడాలి," అంటూ గరిటక్క మేనేజరు ముందు నిండు పళ్లెం పెట్టింది.

"నాకు... కడుపులో బాలేదు."

"మాకూ బాలేదు సార్. తినండి."

పెద్దావిడ కళ్లు మేనేజరు మీదే ఉన్నాయి. తినక తప్పింది కాదు. మొదటి ముద్దకే వాంతి చేసుకున్నాడు. ఆవిడ పళ్లెం లాక్కుని వాసన చూసి ముక్కు మూసుకుంది. మిగతాదంతా ఆడవాళ్లే తలో మాటా చెప్పారు.

"ఇప్పుడే పోలీసుల్ని పిలుస్తాను. జైల్లో పడితే తెలిసొస్తుంది నీకు!" అంది పెద్దావిడ మేనేజరుతో.

"ఆ పని మాత్రం చెయ్యకండి అమ్మగారూ," అంది గరిటక్క.

మేనేజరు చేతులు జోడించాడు. "చల్లని తల్లివి!"

"జైలుకి పంపితే వేళకి మంచి తిండి పెడతారండీ వీడికి," అంది గరిటక్క. ఆకుకూర తెచ్చి పెద్దమ్మ పళ్లెంలో వడ్డించింది. "ఇక్కడే ఉంచండి. మా పెద్దమ్మ రెండో కాలు మానేదాకా, ఆవిడ తిన్న తిండే వీడికి మూడు పూటలా నా చేత్తో వండి పెడతాను."

మళ్లీ దుంప గిన్నె అందుకుని అతని పళ్లెం నింపింది.