ఏనుగుకు రంగు వేసిన మనిషి

ఆమెను స్టూడియోలో అందరూ రంగులక్క అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా అక్కడ తయారైన మొట్టమొదటి కార్టూన్ చిత్రానికి, ఏడంటే ఏడు నిమిషాల చిత్రానికి, మూడు వేల ఎనిమిది వందల షీట్లకు తన చేత్తో రంగు వేసింది. గాజులాంటి పలచని షీట్లు. ముందువైపు నల్లసిరా గీత, వెనకవైపు రంగు. ఒక్క షీటు మీద వేలిముద్ర పడలేదు, గీత దాటి రంగు పోలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లు ఆమె పక్కన కూర్చుని బ్రష్షు పట్టడం నేర్చుకున్నారు. ఈ సంగతులన్నీ ఆమె అడిగినవాళ్లకూ చెప్పేది, అడగనివాళ్లకూ చెప్పేది.

ఇప్పుడామెకు డెబ్బై రెండేళ్లు. పాత సినిమాలు భద్రపరిచే ఆఫీసులో కూర్చుని, ఎదుట ఉన్న కాగితం వంక చూస్తోంది. పక్కన మరిది ఉన్నాడు. ఆ చిత్రానికి కెమెరా పట్టింది అతనే. పనిచేసిన పద్నాలుగు మందిలో మిగిలింది వీళ్లిద్దరే.

బల్ల మీది రేకు డబ్బా మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది.

"ఇది తప్ప ఇంకో కాపీ లేదండీ," అంది ఆఫీసరమ్మ. "రీలు ముడుచుకుపోతోంది. కొత్త కాపీ తీయడానికి మెషీన్ మీదికి ఒక్కసారే ఎక్కించగలం, రెండోసారికి ముక్కలైపోతుంది. అందుకే ముందే అడుగుతున్నాం. చిత్రంలో ఏవి బాగున్నాయి, ఏవి లోపాలు, అవి ఎందుకొచ్చాయి, ఇద్దరూ రాసి సంతకాలు పెట్టండి. మావాళ్లు దాన్నిబట్టే మెషీన్ సర్దుకుంటారు."

బాగున్నవి రాయడానికి రంగులక్కకు ఒకటిన్నర పేజీ చాలలేదు. వానలో గొడుగు కోసం ఊరంతా తిరిగే ఏనుగు కథ అది. ఒక్క మాట ఉండదు. అడుగు వేస్తే నేల దిగినట్టే ఉంటుంది, అంత బరువు ఆ నడకలో. తల ముందు తిరుగుతుంది, చెవి తర్వాత వస్తుంది. చివర తెర నిండా ఏనుగు ముఖం, కంట్లో తెల్లటి చుక్క, దాని మీదుగా వానగీతలు. అది చూసి హాల్లో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు.

మరిది తొంగి చూశాడు. అతనికి చెవులు సరిగా వినబడవు, గొంతు మాత్రం ఖంగున మోగుతుంది.

"వదినా, ఇలా రాస్తూ పోతే ఆ ఏనుక్కి సన్మానపత్రం అవుతుంది. లోపాలు కూడా రాయి."

రాసింది. నడిమి రెండు నిమిషాలు సాగదీతే. ఏనుగు ఎంత నడిచినా అదే బజారు, అదే తాళాల కొట్టు మూడుసార్లు వస్తుంది. వీధులు గీసినాయన ఒట్టి బద్ధకిష్టి. పాట ముందే అయిపోతుంది, బొమ్మ మూగగా మిగులుతుంది. ఇవన్నీ ఇతరుల తప్పులు. కలం జోరుగానే నడిచింది.

"అసలుది వదిలేశావేం?" అన్నాడు మరిది. "ముఖం దగ్గర వెలుగు అదరడం. కెమెరా దీపాలవల్ల అని రాసెయ్. నాకేం మొహమాటం లేదు. దానికేగా ఓనరు నన్ను గుమ్మం దాటించింది!"

రంగులక్క కలం ఆగిపోయింది.

అవి దీపాలు కావు. ఆ విషయం ఈ భూమ్మీద ఆమె ఒక్కతికే తెలుసు. రంగు కలిపితే ఒకేసారి జాడీ నిండా కలపాలి, అదీ అక్కడి పద్ధతి. మధ్యలో అయిపోయి మళ్లీ కలపాల్సి వస్తే, చుక్క వేసి, ఆరనిచ్చి, పాత రంగు పక్కన పెట్టి చూడాలి. తడి మీద ఒకటిగా కనబడిన రంగు ఆరాక ముదురుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ పాఠం చెప్పింది ఆమే. మర్నాడే చిత్రం చూపించాలన్న తొందరలో, ఏనుగుకు వేసే బూడిదరంగు నిండుకుంటే, ఆమే తడి మీద చూసి కలిపేసింది. ముఖ్యమైన భంగిమలకు అప్పటికే పాత రంగు పడింది. వాటి మధ్య వచ్చే షీట్లకు కొత్తది పడింది. తెర మీద ఒకటి విడిచి ఒకటి వచ్చేసరికి ముఖం మినుకుమినుకుమంది. షూటింగు అయిన షీట్లను మళ్లీ వాడుకోవడానికి అదే సాయంత్రం కడిగేసేవారు. ఆమే కడిగింది. ఆరిన రంగును గోటితో గీకినప్పుడే తెలిసింది. నీళ్లు పారబోసి ఊరుకుంది.

పని పోయిన మరిది మిక్సీలు బాగుచేసుకుంటూ బతికాడు. తనవల్ల అంత మంచి ముఖం పాడైందని వదినకు నలభై ఎనిమిదేళ్లుగా క్షమాపణ చెబుతూనే ఉన్నాడు.

"దీపాలైతే సులువేనండీ," అంది ఆఫీసరమ్మ. "అదిరినచోటల్లా మొత్తం బొమ్మ వెలుగు సమం చేసేస్తారు."

"మొత్తం బొమ్మా? ఏనుగొక్కటే కాదూ?"

"వెలుగు అన్నిటి మీదా ఒకేలా పడుతుంది కదండీ."

రంగులక్కకు అర్థమైంది. ఏనుగు రంగు అదరకుండా మొత్తం వెలుగు సర్దితే, ఇప్పుడు నిలకడగా ఉన్న కంటి తెలుపు అదురుతుంది. వానగీతలు అదురుతాయి. చిత్రంలో అన్నిటికన్నా మంచి ముక్క శాశ్వతంగా పాడవుతుంది.

"ఆ ముక్క ముట్టుకోకుండా వదిలేయండమ్మా. మీ కాళ్లు పట్టుకుంటాను."

"అయ్యో, అవేం మాటలండీ! కారణం రాయండి, వదిలేస్తాం. ఊరికే వదలమంటే మావాళ్లు ఒప్పుకోరు."

ఆమె కలం పట్టింది. పెట్టింది. మళ్లీ పట్టింది. మూడు వరుసలు రాయడానికి పావుగంట పట్టింది.

"ఏం రాశావు?" అన్నాడు మరిది. "కళ్లజోడు తేలేదు. చదువు."

ఆమె గొణిగింది.

"గట్టిగా చదువు వదినా! దొంగతనం చేసినదానిలా ఆ గుసగుసేంటి?"

చుట్టుపక్కల బల్లల వాళ్లు తలలెత్తారు. రంగులక్క అరిచినట్టే చదివింది. "ముఖం పది సెకన్లు అదరడానికి కారణం దీపాలు కాదు. నేను రెండోసారి కలిపిన రంగు. తడి మీద చూసి కలిపాను. అప్పుడే తెలిసీ చెప్పలేదు."

"మా అన్నయ్యకు తెలుసా?" అన్నాడు మరిది.

"తెలీదు. ఎవరికీ తెలీదు. నన్ను తిట్టవయ్యా. కొట్టు."

"ఆ దీపాలను నేను పదకొండుసార్లు విప్పి చూశాను వదినా. నాకు మతిపోయిందనుకుంది మా ఆవిడ."

అంతే అన్నాడు. కాగితం తన వైపు లాక్కున్నాడు. "పది సెకన్లు కాదు. తొమ్మిదిన్నర. తీసింది నేను, నాకు తెలుసు," అంటూ ఆమె అంకెను కొట్టేసి, సరైనది రాసి, కింద సంతకం పెట్టాడు. లేచి చేతికర్ర అందుకున్నాడు.

"ఉండవయ్యా, నేనూ వస్తున్నా. ఇద్దరం కలిసేగా వచ్చాం," అంది రంగులక్క. గట్టిగానే అంది.

అతను వెనక్కి చూడలేదు. మెట్ల మీద కర్ర చప్పుడు కింది దాకా వినబడింది.

"అమ్మగారూ, ఈ గడిలో మీ సంతకం," అంది ఆఫీసరమ్మ మెల్లగా.

గీత దాటి ఎన్నడూ రంగు పోనివ్వని ఆ చెయ్యి గడి దాటి సంతకం పెట్టింది.